సివిల్ వార్‌లో కొట్లాడిన ఐరిష్ సిపాయి కథ కాగితాల్లో ఎలా వెతకాలి

అమెరికా సివిల్ వార్‌లో యూనియన్ (ఉత్తరాది రాష్ట్రాల ప్రభుత్వం) వైపు ఐర్లండ్‌లో పుట్టినవాళ్ళే లక్షన్నర మంది దాకా ఉన్నారు. 1850ల్లో నో నథింగ్ అనే, వలసవాళ్ళకీ కాథలిక్కులకీ వ్యతిరేకమైన పార్టీ వాళ్ళు వీళ్ళని పోప్ మనుషులు, ఈ దేశం వాళ్ళు కాదు అని దూరం పెట్టారు. యుద్ధంలో ప్రాణాలిచ్చి మనవాళ్ళు అనిపించుకున్నారు అని ఇప్పుడు ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు గానీ, అది ఎంతవరకు నిజమో తెలియాలంటే జనరల్స్ స్పీచ్‌లు కాదు, మామూలు సిపాయి కాగితాలు చూడాలి.

ముందు రెజిమెంట్ పట్టుకోండి. ఎక్కువగా ఐరిష్ వాళ్ళతో నిండిన ఐరిష్ బ్రిగేడ్ అంటే ఈ రెజిమెంట్లు: న్యూయార్క్ 63, 69, 88, తర్వాత కలిసిన మసాచుసెట్స్ 28, పెన్సిల్వేనియా 116. నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళ సోల్జర్స్ అండ్ సెయిలర్స్ డేటాబేస్ ఫ్రీనే, పేరు కొడితే రెజిమెంట్ వస్తుంది. ఒక్క స్పెల్లింగ్ కొట్టి దొరకలేదని వదిలేయొద్దు, చాలామందికి చదువు లేదు, క్లర్క్‌కి ఎలా వినపడితే అలా రాసేశాడు.

తర్వాత పెన్షన్ ఫైల్, అసలు సరుకంతా ఇందులోనే ఉంటుంది. 1862 చట్టం ప్రకారం చనిపోయిన మామూలు సిపాయి భార్యకి నెలకి 8 డాలర్లు, భార్యాపిల్లలు లేకపోతే అతని మీద ఆధారపడ్డ తల్లికి. కానీ పెళ్ళయిందని రుజువు కావాలి, ఐర్లండ్‌లో కాథలిక్ పెళ్ళిళ్ళకి 1864 దాకా ప్రభుత్వ రిజిస్ట్రేషనే లేదు, అందుకని చర్చి రిజిస్టర్ నకళ్ళు, ఫాదర్ ఉత్తరాలు, తెలిసినవాళ్ళ సాక్ష్యాలు అన్నీ తెచ్చి పెట్టేవాళ్ళు. సంతకం చోట చాలాసార్లు ఒక ఎక్స్ గుర్తు, దాని చుట్టూ క్లర్క్ చేతిరాతలో ఆమె పేరు ఉంటుంది. కొంతమంది తల్లులు కొడుకు డబ్బు పంపేవాడని చూపించడానికి అతను క్యాంప్ నుంచి రాసిన ఉత్తరాలే ఇచ్చేశారు, అవి ఇప్పటికీ ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి. వీటిని తొందరపడకుండా చదవండి. ఒరిజినల్స్ వాషింగ్టన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో, స్కాన్ చేసినవి చాలా ఫోల్డ్3 అనే మిలిటరీ రికార్డుల వెబ్‌సైట్లో దొరుకుతాయి. వర్జీనియా, మేరీల్యాండ్‌లో ఉన్న మన తెలుగువాళ్ళు నేరుగా వెళ్ళి చూడొచ్చు.

మూడోది సిటిజన్‌షిప్ కాగితం. 1862 జూలై 17 చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం 21 ఏళ్ళు నిండి, ఆనరబుల్ డిశ్చార్జ్ (మచ్చ లేకుండా సైన్యం నుంచి విడుదల) ఉన్న విదేశీ సైనికుడు ఒక్క ఏడాది నివాసం చూపిస్తే చాలు, మిగతావాళ్ళకి 5 ఏళ్ళు. కోర్టు రికార్డులో డిశ్చార్జ్ ప్రస్తావన ఉందేమో చూడండి, ఆ యూనిఫాం అతనికి చేతికి ఏం ఇచ్చిందో అక్కడ కచ్చితంగా తెలుస్తుంది.

చివరగా 1863 జూలై దగ్గర ఆగండి, ఇది చాలామంది దాటేస్తారు. జూలై 2న బ్రిగేడ్ గెటిస్‌బర్గ్‌లో ఉంది, అప్పటికే ముందు డిసెంబర్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో సుమారు 1,200 మందిలో 500 మందికి పైగా దెబ్బతిన్నారు. జూలై 13న న్యూయార్క్‌లో డ్రాఫ్ట్ (సైన్యంలో నిర్బంధంగా చేర్చుకోవడం) మీద అల్లర్లు మొదలయ్యాయి, 300 డాలర్లు కట్టినవాడు తప్పించుకోవచ్చు పేదవాడు వెళ్ళాలి అన్న కోపం అది, కానీ అల్లరిమూకలో చాలామంది ఐరిష్ వాళ్ళే, నల్లజాతి వాళ్ళని చంపారు, నల్లజాతి పిల్లల అనాథాశ్రమం తగలబెట్టారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకునే చదవాలి, ఒకటి చెప్పి ఇంకోటి దాచడం తప్పు. ఆ వారం న్యూయార్క్ పేపర్లు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ క్రానిక్లింగ్ అమెరికా అనే పాత పేపర్ల వెబ్‌సైట్లో ఫ్రీగా ఉన్నాయి, మీ సిపాయి అప్పుడు ఎక్కడున్నాడో మస్టర్ రోల్‌లో (సైన్యం హాజరు పట్టీలో) చూసుకుని అవి తెరవండి.