'వెన్ ఐ విల్ రీచ్' నన్ను ఎలా వదిలిందంటే

ఆఫీసు మెయిల్స్‌లో నాకు పదే పదే దొర్లే తప్పు: "వెన్ ఐ విల్ రీచ్ హైదరాబాద్, ఐ విల్ కాల్ యూ." జరగబోయే పని కదా, విల్ లేకపోతే ఎలా అనిపించేది. టెన్సుల పట్టిక బట్టీ పట్టాను, యాప్ పెట్టుకున్నాను, యూట్యూబ్ పాఠాలు విన్నాను. లాభం లేదు.

చివరికి పనికొచ్చింది తెలుగే. ముందు "హైదరాబాద్ చేరగానే ఫోన్ చేస్తాను" అని కాగితం మీద రాసుకున్నాను. తర్వాత 'చేరగానే' కింద గీత గీశాను. చూస్తే, ఆ మాటలో కాలమే లేదు! నిన్న చేరగానే చేశాను, రేపు చేరగానే చేస్తాను, రెండింటికీ అదే మాట. కాలం మోసేది చివరి క్రియే. అందుకని విల్ అక్కడొక్కచోటే ఉంచి, గీత ఉన్న వైపు కొట్టేశాను: "వెన్ ఐ రీచ్ హైదరాబాద్, ఐ విల్ కాల్ యూ." 'వస్తే', 'వచ్చేదాకా' ఉన్న వాక్యాలకూ అంతే: "ఇఫ్ హి కమ్స్", "అంటిల్ హి కమ్స్".

అన్నిచోట్లా కుదురుతుందని మాత్రం చెప్పను. "వస్తాడో రాడో తెలీదు" అనాలంటే "ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్". అక్కడ విల్ ఉండాల్సిందే. 'వస్తాడో'లో కాలం ఉంది మరి. రాతలో సర్దుకున్నాను గానీ, ఫోన్లో తొందరగా మాట్లాడితే ఇప్పటికీ జారుతుంది.