విశాఖ తేమను తట్టుకునే కెఫీన్ కో-క్రిస్టల్ తయారు చేయడం ఎలా?

విశాఖపట్నంలో వానాకాలం గాలి తేమ 80 శాతం దాటడం మామూలే. ఫార్మా కంపెనీలున్న పరవాడ వైపు మందుల పొడులు నిల్వ చేసేవాళ్లకు ఇదే పెద్ద బెడద. తేమ బాగా ఎక్కువైతే పొడి కెఫీన్ నీటిని పట్టుకుని హైడ్రేట్‌గా, అంటే స్ఫటికంలోనే నీరున్న రూపంగా, మారుతుంది. కెఫీన్ అణువును ఏమాత్రం మార్చకుండా, స్ఫటికంలో దానికి సరైన తోడును చేర్చి ఈ గుణం పోగొట్టవచ్చు. ఇలా రెండు పదార్థాలు కలిసి ఏర్పడే స్ఫటికమే కో-క్రిస్టల్. ఎమ్మెస్సీ ల్యాబ్‌లో దొరికే సామాను చాలు.

ముందు నిర్మాణాన్ని కాగితం మీద గీయండి. కెఫీన్‌లో మూడు నైట్రోజన్లకు మిథైల్ గుంపులున్నాయి, అందుకే హైడ్రోజన్ బంధానికి హైడ్రోజన్ ఇచ్చే బలమైన చోటు లేదు. పుచ్చుకునే చోట్లు మాత్రం ఉన్నాయి: రెండు కార్బొనిల్ ఆక్సిజన్లు, ఐదు పరమాణువుల వలయంలో మిథైల్ లేని ఒక నైట్రోజన్. నీరు వచ్చి పట్టుకునేది ఆ నైట్రోజన్‌నే. అక్కడ నీటికంటే గట్టి దాతను, అంటే హైడ్రోజన్ ఇచ్చేదాన్ని, ఉంచాలి. బలమైన దాత బలమైన గ్రహీతతోనే (పుచ్చుకునే చోటుతోనే) జతకడుతుందని 1990లో రసాయన శాస్త్రవేత్త మార్గరెట్ ఎటర్ సూత్రీకరించారు. ఇలా మళ్లీ మళ్లీ కనిపించే జతలకు సూప్రామాలిక్యులర్ సింథాన్లని 1995లో పేరు పెట్టిన గౌతమ్ దేశిరాజు అప్పుడు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనే పనిచేస్తున్నారు.

ఆ దాతగా ఆక్సాలిక్ ఆమ్లాన్ని తీసుకుందాం. దానికి రెండు చివర్లా హైడ్రోజన్ ఇచ్చే ఓహెచ్ గుంపు ఉంది, కాబట్టి ఒక ఆమ్లానికి రెండు కెఫీన్లు. ఆమ్లపు ప్రోటాన్ పూర్తిగా కెఫీన్‌కు దాటిపోతే వచ్చేది లవణం, కో-క్రిస్టల్ కాదు. ప్రోటాన్‌ను ఎంత సులువుగా వదులుతుందో చెప్పే అంకె పీకేఏ. క్షారపు (ఇక్కడ ప్రోటాన్ పుచ్చుకున్న కెఫీన్) పీకేఏలోంచి ఆమ్లపు పీకేఏ తీసేయండి. తేడా 3 దాటితే లవణం, సున్నాకు దిగువైతే కో-క్రిస్టల్ వచ్చే అవకాశం ఎక్కువ. కెఫీన్‌ది సుమారు 0.6, ఆక్సాలిక్ ఆమ్లానిది 1.25. మనకు కావలసిన వైపే ఉంది.

ఇక తూకం. 80 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఆరబెట్టిన కెఫీన్ 388 మి.గ్రా., నిర్జల (నీరు లేని) ఆక్సాలిక్ ఆమ్లం 90 మి.గ్రా. తీసుకోండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. సీసాలో సాధారణంగా ఉండేది డైహైడ్రేట్ (ఒక్కో ఆమ్ల అణువుకు రెండు నీటి అణువులున్నది), అదైతే 126 మి.గ్రా. కావాలి. చూసుకోకుండా 90 వేస్తే 111 మి.గ్రా. కెఫీన్ తోడు లేకుండా మిగులుతుంది. తేమ పరీక్షలో అదే హైడ్రేట్ అవుతుంది, మీరు కో-క్రిస్టలే విఫలమైందనుకుంటారు. లేబుల్ చదవండి.

గ్లవ్స్ వేసుకుని, ఫ్యూమ్ హుడ్‌లో అగేట్ కల్వంలో రెండు పొడులనూ కలిపి, మైక్రోపిపెట్‌తో 120 మైక్రోలీటర్ల మెథనాల్ చేర్చి అరగంట నూరండి. మెథనాల్ ఆవిరవుతుంటే కల్వం చల్లబడుతుంది, చల్లటి రాతి మీద మన గాలిలోని తేమ చేరుతుంది. అందుకే ఏసీ గదిలో, తేమ తగ్గించి చేయాలి. ఆక్సాలిక్ ఆమ్లం విషం, తయారైన పొడిని రుచి చూడకూడదు.

పొడిలో ఏ స్ఫటికాలున్నాయో శిఖరాల రూపంలో చూపే పౌడర్ ఎక్స్‌రే డిఫ్రాక్షన్ తీయించండి. కొత్త శిఖరాలు రావడం సగం సాక్ష్యమే, పాత రెండు పొడుల శిఖరాలూ పూర్తిగా పోవాలి. కేంబ్రిడ్జ్ స్ఫటిక డేటాబేస్‌లోని నిర్మాణం నుంచి మెర్క్యురీ సాఫ్ట్‌వేర్‌తో లెక్కించిన చిత్రంతో పోల్చండి. ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటంలో 2500, 1900 సెం.మీ.⁻¹ దగ్గర వెడల్పైన పట్టీలు కనిపిస్తే ఓహెచ్-నైట్రోజన్ బంధం ఏర్పడిందన్నమాట. కెఫీన్ శిఖరాలు మిగిలితే ముందు తూకం సరిచూడండి, తర్వాతే ఇంకాసేపు నూరండి.

అసలు పరీక్ష తేమలో. మూత బిగుతుగా ఉన్న డబ్బాల అడుగున సంతృప్త ఉప్పు ద్రావణం పోయండి: 25 డిగ్రీల దగ్గర మామూలు ఉప్పు 75 శాతం, పొటాషియం సల్ఫేట్ 97 శాతం తేమనిస్తాయి. పొడిని తెరిచిన చిన్న సీసాల్లో వేసి ద్రావణం తగలకుండా పైన ఉంచి, వారానికోసారి ఎక్స్‌రే తీయించండి. పక్కనే ఉత్త కెఫీన్ సీసా తప్పనిసరి. 97 శాతంలో అది హైడ్రేట్ కాకపోతే మీ డబ్బా కారుతున్నట్టే, ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

మెలోనిక్ ఆమ్లంతో, 104 మి.గ్రా. వేసి, ఇదే పని మరోసారి చేయండి. దాంతోనూ 2:1 కో-క్రిస్టలే వస్తుంది. కానీ 2005లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ప్రచురించిన ఫలితాల్లో 98 శాతం తేమ దగ్గర ఆక్సాలిక్‌ది వారాల తరబడి నిలిచింది, మెలోనిక్‌ది నిలవక కెఫీన్ హైడ్రేట్‌గా మారింది. కాబట్టి జోడీని కాగితం మీద ఎంచుకున్నా, నిల్వకు పనికొస్తుందో లేదో డబ్బాలో తేలాకే రాసుకోండి.