క్రిస్మస్ సెలవుల్లో ఇంటి కుక్క విషయంలో జాగ్రత్తలు

సెలవులు మొదలయ్యేలోపే చేయవలసిన పని ఒకటుంది: మీ పశువైద్యుడు పండుగ రోజుల్లో అందుబాటులో ఉంటారో లేదో కనుక్కొని, రాత్రివేళ పనిచేసే అత్యవసర పశువైద్యశాల నంబరు రాసి పెట్టుకోవాలి. కుక్క తినకూడనిది తిన్నాక కొన్ని గంటలపాటు మామూలుగానే తిరగవచ్చు కనుక, లక్షణాలు కనిపించేదాకా ఆగితే వైద్యానికి అనువైన సమయం దాటిపోతుంది.

చాక్లెట్‌లో ఉండే, కుక్కలకు విషమైన థియోబ్రొమిన్ అనే పదార్థం వాటి శరీరం నుంచి చాలా నెమ్మదిగా బయటికి పోతుంది. 10 కిలోల కుక్కకు వాంతులు, అలజడి కలగడానికి సుమారు 100 గ్రాముల మిల్క్ చాక్లెట్ కావాలి గానీ, వంటకు వాడే తీపిలేని చాక్లెట్ 15 గ్రాములైనా సరిపోతుంది. చెట్టు కింద పెట్టిన బహుమతి పొట్లంలో చాక్లెట్ ఉందని మనం మరిచిపోవచ్చు, కుక్క ముక్కు మరిచిపోదు.

నా దృష్టిలో అంతకన్నా భయపడవలసినది ఎండుద్రాక్ష. అది కొన్ని కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇంత తింటే ఫరవాలేదని చెప్పగల కొలత లేదు, కేకులో ఉడికినా దాని విషం పోదు. చక్కెర లేని చ్యూయింగ్ గమ్‌లోనూ మిఠాయిల్లోనూ తీపి కోసం కలిపే జైలిటాల్ అనే పదార్థం అరగంటలోనే రక్తంలో చక్కెరను పడగొట్టి కుక్కను తూలిపోయేలా చేయగలదు. ఉల్లి, వెల్లుల్లి, మద్యం, పొంగుతున్న పచ్చి పిండి కూడా అందకూడదు. ఉడికిన ఎముకలు పెళుసుగా చీలి పేగులకు గుచ్చుకుంటాయి కాబట్టి, ఎంగిలి పళ్లేలను వెంటనే తీసి, చెత్తబుట్టకు గట్టి మూత పెట్టాలి.

అలంకరణల్లో తళుకు తీగలు, రిబ్బన్లు మరీ ప్రమాదకరం. మింగిన తీగ ఒక కొస ఎక్కడో చిక్కుకుంటే పేగు దాని వెంట ముడుచుకుపోయి కోసుకుపోతుంది. నోటి నుంచో మలద్వారం నుంచో తీగ వేలాడుతుంటే లాగకుండా వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. బొమ్మల్లోని బటన్ బ్యాటరీలు అన్నవాహికను కొద్ది గంటల్లోనే కాల్చేస్తాయి. ఉప్పు కలిపిన పిండితో చేసిన బొమ్మలను చాలామంది అనుమానించరు, కానీ వాటిలోని ఉప్పే కుక్కకు విషమవుతుంది. విద్యుత్ తీగలను కొరకడానికి వీల్లేకుండా గోడ వెంబడి బిగించాలి.

అతిథుల రాకపోకలకు తలుపు పదేపదే తెరుచుకుంటుంది కనుక మెడపట్టీకి మీ ఫోన్ నంబరున్న బిళ్ల ఉండాలి. సందడికి బెదిరే కుక్కకు వేరే గదిలో పడక, నీళ్లు ఏర్పాటు చేసి, అక్కడికి పిల్లలను వెళ్లనివ్వకూడదు.

ఏదైనా మింగిందని తెలిస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. ఏమి తిన్నది, ఎంత, ఎప్పుడు, కుక్క బరువెంత అన్నవి ఫోనులో చెప్పి, ఆ ఖాళీ ప్యాకెట్‌ను వెంట తీసుకువెళ్లండి.