కట్టెల బాయిలర్ ఆవిరి గొట్టం మూయొద్దు: చలికాలం ముందు కొన్ని జాగ్రత్తలు

ఈమధ్య తెలిసినాయన ఒకరు ఫోన్‌కి ఫొటోలు పంపారు. పెరట్లో కట్టెల బాయిలర్ ఉన్న చోట చీలిన ఇనుప రేకు, వంకర తిరిగిన పైపులు. తలుపు ఊడి కంచె అవతల పడింది. ఆ సమయానికి దగ్గర ఎవరూ లేకపోవడం అదృష్టం. కారణం అడిగితే నేను అనుకున్నదే చెప్పారు: పైగొట్టంలోంచి ఆవిరి ఊరికే పోతోందని ఎవరో దానికి క్యాప్ బిగించారట.

బాయిలర్లు బిగించే, బాగుచేసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ "ఊరికే పోతోంది" అన్న మాట నాకు బాగా అలవాటు. గ్యాస్, కరెంటు బిల్లులు తట్టుకోలేక బయట కట్టెల హీటర్ పెట్టుకోవడం మంచి ఆలోచనే. మంట, పొగ, బూడిద అన్నీ ఇంటి బయటే ఉంటాయి, లోపలికి వచ్చేది వేడి నీళ్లు మాత్రమే. కట్టెలు చౌకగా దొరికేవాళ్లకు బాగా కలిసొస్తుంది. పిల్లల్ని మంటకు దూరంగా ఉంచండి లాంటివి మీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ముఖ్యంగా ఒకటుంది.

ఆవిరి దారి

వీటిలో ఎక్కువ భాగం ఓపెన్ రకం. పొయ్యి చుట్టూ నీళ్ల తొట్టి, తొట్టి పైన ఒక గొట్టం, ఆ గొట్టం నోరు ఎప్పుడూ తెరిచే ఉండాలి. నీళ్లు మరిగినా ఆవిరి అందులోంచి బయటికి పోతుంది, లోపల ఒత్తిడి పెరగదు. ఆ తొట్టి రేకును ఒత్తిడి తట్టుకునేలా చెయ్యరు. నోరు తెరిచి ఉంటుందన్న లెక్క మీదే చేస్తారు.

దాన్ని మూస్తే ఏమవుతుంది? ఒక లీటరు నీళ్లు పూర్తిగా ఆవిరైతే సుమారు 1,600 లీటర్ల చోటు కావాలి. ఆ చోటు లేనప్పుడు ఒత్తిడి పెరుగుతుంది, నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆగకుండా 110, 120 దాకా వేడెక్కుతాయి. ఎక్కడో ఒక వెల్డింగ్ అతుకు విడిపోతుంది. ఒత్తిడి ఒక్కసారిగా పోయేసరికి అంతవేడి నీళ్లలో కొంత భాగం క్షణంలో ఆవిరైపోతుంది. పేలుడంటే అదే. కుక్కర్ విజిల్ మీద రాయి పెట్టి పడుకోవడం లాంటి పని ఇది, కాకపోతే ఈ కుక్కర్‌లో కొన్ని వందల లీటర్ల నీళ్లుంటాయి.

ఆవిరి ఎక్కువగా వస్తుంటే తప్పు గొట్టానిది కాదు. మంట ఎక్కువైంది, లేదా వేడి నీళ్లను ఇంట్లోకి పంపే పంపు తిరగడం లేదు. మంటకు అందే గాలి తగ్గించండి, పంపు చూడండి. గొట్టం జోలికి పోవద్దు.

మీది క్లోజ్డ్ రకమైతే, అంటే తొట్టి పూర్తిగా మూసి ఉండేదైతే, గొట్టం బదులు ఒత్తిడి పెరిగితే తనంతట తానే తెరుచుకునే సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. అది చుక్కలు చుక్కలుగా కారుతోందని చివర ప్లగ్ కొట్టేవాళ్లను చూశాను. కారే వాల్వ్‌ని మార్చాలి, మూయకూడదు. బాయిలర్‌కీ ఆ వాల్వ్‌కీ మధ్య ఇంకో వాల్వ్ ఏదీ ఉండకూడదు.

గడ్డకట్టే చలి ఉన్నచోట గొట్టం నోటి దగ్గర ఆవిరే మంచై అడ్డుపడొచ్చు. ఎవరూ క్యాప్ పెట్టకుండానే మూసుకుపోయినట్టు. కాబట్టి పొద్దున్నే మంట రాజేసే ముందు ఒకసారి తలెత్తి చూడండి.

కరెంటు పోతే

పంపు ఆగుతుంది, మంట ఆగదు. తెల్లవారే దాకా రావాలని పడుకునే ముందు పొయ్యి నిండా మొద్దులు కుక్కుతారు, అర్ధరాత్రి కరెంటు పోతుంది. వేడి ఇంట్లోకి పోయే దారి లేక తొట్టి మరుగుతుంది. గొట్టం తెరిచి ఉంటే నీళ్లు తగ్గడంతో సరిపోతుంది. మూసి ఉంటే పైన చెప్పిందే. పంపుకి పెద్దగా కరెంటు అక్కర్లేదు, చిన్న ఇన్వర్టర్ పెట్టుకోండి. అది కూడా లేకపోతే గాలి వచ్చే దారి మూసి, పొయ్యి తలుపు తెరవకుండా వదిలేయండి.

కట్టెలు

అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీళ్లే. అవి కాల్చితే ఆ నీళ్లను మరిగించడానికే వేడి ఖర్చవుతుంది, పొగగొట్టంలో తారులాంటి మసి పేరుకుంటుంది, ఒకరోజు ఆ మసే అంటుకుంటుంది. తేమ 20 శాతం లోపు ఉండాలి. మొద్దును చీల్చి, చీల్చిన కొత్త ముఖం మీద తేమ కొలిచే మీటర్ పెట్టి చూడండి, పైబెరడు మీద కాదు. పేర్చాక పైన మాత్రమే కప్పండి, పక్కలు గాలికి వదలండి. గట్టి కలప అయితే ఆరడానికి ఏడాది దాటినా ఆశ్చర్యం లేదు.

ఇక మిగతావి:

- రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, చెదల మందు పట్టించిన చెక్క, ప్లాస్టిక్, టైర్లు కాల్చొద్దు.
- పెట్రోలు, కిరోసిన్ పోసి రాజేయొద్దు.
- తలుపు ఒక్కసారిగా తీయొద్దు. మంటకు గాలి కొట్టే ఫ్యాన్ ఉంటే ఆపండి, పక్కకి నిలబడండి, కొంచెం తెరిచి ఆగండి, తర్వాత పూర్తిగా తీయండి. లోపల పోగైన పొగ గాలి తగలగానే భగ్గుమంటుంది.
- తొట్టి ఖాళీ అయి ఎర్రగా కాలి ఉంటే చల్లనీళ్లు పోయొద్దు. పూర్తిగా చల్లారాకే నింపండి.
- పాత నూనె డ్రమ్ము, గ్యాస్ సిలిండర్ కోసి బాయిలర్ చేయించుకోవద్దు. కోసేటప్పుడే పేలొచ్చు.
- వేడినీళ్ల లైనుకి మామూలు పీవీసీ పైపు వాడొద్దు.
- పొగ ఎవరి కిటికీలోకి పోతోందో చూడండి. పక్కింటివాళ్లది కూడా.
- బూడిద ఇనుప డబ్బాలో పోసి, మూతపెట్టి, గోడకి దూరంగా ఉంచండి. అడుగున నిప్పు రోజుల తరబడి ఉంటుంది.
- బాయిలర్‌లోని నిప్పులు గదిలోకి తెచ్చి పెట్టుకోవద్దు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.
- పక్క రేకు ఉబ్బినట్టు కనిపిస్తే ఆ బాయిలర్ మళ్లీ వెలిగించొద్దు.
- ఇంట్లో అందరికీ, పనికి వచ్చేవాళ్లకి కూడా చెప్పండి: ఆ గొట్టం మూయొద్దు. గుడ్డ కూడా కుక్కొద్దు.
- ఇప్పటికే ఎవరో మూసేశారని మంట ఉండగా తెలిస్తే, వెంటనే ఎక్కి క్యాప్ విప్పొద్దు. కాగిన ఆవిరి మొహం మీదికి కొడుతుంది. కట్టెలు వేయడం ఆపండి, దూరం నుంచి ఆపగలిగితే ఫ్యాన్ ఆపండి, ఇంట్లో పంపు తిరగనివ్వండి, అందరినీ దూరంగా పంపండి. మర్నాడు బాయిలర్ పూర్తిగా చల్లబడ్డాక విప్పండి.