కట్టే ముందు అట్టతో ఇంటి మోడల్ చేసి చూసుకోవడం ఎలా?

ప్లాన్ చూస్తే గది పొడవు, వెడల్పు తెలుస్తాయి. ఆ గదిలో నిలబడితే ఎలా ఉంటుందో తెలియదు. కంప్యూటర్ త్రీడీ బొమ్మ కొంత నయమే గానీ, అందంగా కనిపించే కోణాన్నే ఎంచి మనకు చూపిస్తారు. అట్టతో చేసిన మోడల్ బల్ల మీద ఉంటే ఇంట్లో వాళ్లందరూ తలో వైపు నుంచి వంగి చూస్తారు. ప్లాన్ చదవడం రాని వాళ్లు కూడా "ఈ తలుపు తెరిస్తే మెట్లకు తగలదూ?" అని అడగగలుగుతారు. ఈ ప్రశ్నలు డిజైన్ ఖరారు కాకముందే రావాలి. కాబట్టి మోడల్ కూడా అప్పుడే చేయాలి.

1. స్కేల్ ఎంచుకోండి

స్థలం, చుట్టుపక్కల భవనాలు చూడాలంటే 1:200, అంటే అసలు కొలతలో 200వ వంతు చాలు. ఇంటి లోపల చూడాలంటే 1:50 తీసుకోండి. 1 మీటరు 2 సెంటీమీటర్లవుతుంది, 12 మీటర్ల ఇల్లు 24 సెంటీమీటర్లలో సరిపోతుంది. 5 మి.మీ. ఫోమ్ బోర్డు (రెండు కాగితాల మధ్య ఫోమ్ ఉన్న అట్ట) 25 సెం.మీ. గోడగా పనికొస్తుంది. 3 మి.మీ. బోర్డు అంటే 15 సెం.మీ., దాదాపు ఒక మెట్టు ఎత్తు. ముక్కలు ఒకదాని మీద ఒకటి అంటిస్తే మెట్లు తయారు.

2. కోసి నిలబెట్టండి

ప్లాన్‌ను అదే స్కేల్‌లో ప్రింట్ తీసి అడుగు బోర్డుకు అంటించండి. ప్రింటర్ పేజీకి సరిపెట్టడానికి బొమ్మను కుదించేస్తుంటుంది, కాబట్టి తెలిసిన కొలత ఒకటి ముందే సరిచూసుకోండి. ఒకేసారి గట్టిగా నొక్కి కోయకుండా, కట్టర్‌ను తేలిగ్గా రెండు మూడు సార్లు లాగండి. ఫోమ్ బోర్డుకు తెల్ల జిగురే వాడండి, ఘాటు వాసన వచ్చే కొన్ని రకాల జిగుర్లు లోపలి ఫోమ్‌ను కరిగించేస్తాయి. గోడల్ని మొదట గుండుసూదులతో నిలపండి. పైకప్పును మాత్రం అంటించకండి, తీసి పెట్టేలా ఉండాలి.

3. మనిషిని పెట్టండి

1.65 మీటర్ల మనిషి 1:50లో 33 మి.మీ. ఉంటాడు. మందపాటి కాగితంతో ఇద్దరు ముగ్గుర్ని కోసి గదుల్లో నిలబెట్టండి. అప్పుడే ఏ గది ఇరుకో కంటికి ఆనుతుంది.

4. లోపలి నుంచి చూడండి

నా దృష్టిలో అసలు పని ఇదే. చాలామంది మోడల్‌ను పైనుంచే చూసి బాగుందని వదిలేస్తారు. ఇంట్లో ఉండేవాళ్లు ఇంటిని పైనుంచి ఎప్పుడూ చూడరు కదా! కంటి ఎత్తు 1.5 మీటర్లంటే మోడల్‌లో 3 సెం.మీ. ఫోన్‌ను తలకిందులు చేస్తే లెన్స్ నేలకు దగ్గరవుతుంది. గుమ్మం దగ్గర పెట్టి లోపలికి ఫోటో తీయండి. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా ఏం కనిపిస్తుంది? బాత్రూమ్ తలుపా, కిటికీయా? మెట్లెక్కే మనిషి తల స్లాబుకు తగులుతుందా?

తర్వాత వెలుతురు. మోడల్ చిన్నదైనా కాంతి పరుచుకునే తీరు మారదు. కిటికీలు కొలత ప్రకారం ఉండి, లోపలి రంగులు అసలు రంగులకు దగ్గరగా ఉంటే, ఏ మూల చీకటిగా ఉంటుందో నమ్మదగ్గంతగా తెలుస్తుంది. సందుల్లోంచి వెలుతురు దూరకుండా బయటివైపు నల్ల టేపు వేయండి. పైకప్పు పెట్టి, ఉత్తరం దిక్కు సరిచూసి, స్థలంలోనే ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూడండి. ఇంకో కాలంలో ఎండ ఎక్కడి నుంచి పడుతుందో చూడాలంటే, ఆ నాటి సూర్యుడి దిక్కు, ఎత్తు కోణం తెలుసుకుని చీకటి గదిలో టార్చ్ పట్టుకోండి.

5. మార్చండి

చీకటిగా ఉంటే అక్కడే కిటికీ పెద్దది చేయండి, గోడ జరపండి. ప్రతి మార్పుకు ముందు ఒక ఫోటో తీసుకోండి. పాత పద్ధతే బాగుందని తర్వాత అనిపించొచ్చు.

6. బలం గురించి దీన్ని నమ్మకండి

1:50లో గోడలు, స్తంభాల అడ్డుకోత వైశాల్యం 2,500 రెట్లు తగ్గితే, ఘనపరిమాణం 1,25,000 రెట్లు తగ్గుతుంది. బలం ఆ వైశాల్యాన్ని బట్టి, బరువు ఘనపరిమాణాన్ని బట్టి ఉంటాయి. బలం కంటే బరువే బాగా ఎక్కువ తగ్గిపోతుంది కాబట్టి స్తంభం లేకుండా అట్ట స్లాబు నిలబడిందంటే అసలుదీ నిలుస్తుందని కాదు. ఆ లెక్క స్ట్రక్చరల్ ఇంజినీర్‌దే. ఆకారాన్ని వెతకడానికి మాత్రం మోడల్ భేషుగ్గా పనికొస్తుంది. స్పెయిన్‌లో ఆంటోని గౌడి అనే ఆర్కిటెక్ట్, కొలోనియా గుయెల్ చర్చి కోసం 1:10 స్కేల్‌లో దారాలు వేలాడదీసి, వాటికి సీసపు గుళ్లు నింపిన చిన్న సంచులు కట్టాడు. బరువుకు దారాలు సాగిన ఆకారాన్ని తలకిందులు చేస్తే తోరణాలకు తగ్గ ఆకారం దొరికింది.

7. డ్రాయింగ్‌లోకి ఎక్కించండి

మార్చిన చోట్ల కొలిచి, 50తో గుణించి ఆర్కిటెక్ట్‌కు ఇవ్వండి, ఫోటోలు కూడా జతచేయండి. పని మొదలయ్యాక మోడల్‌ను మేస్త్రీకి కనిపించే చోట, తడి తగలకుండా ఉంచండి.