ఆఫ్తాల్మోస్కోప్‌తో (కంటి లోపల చూసే పరికరం) రెటీనా (కంటి వెనక పొర) చూసే ముందు: కొత్తగా నేర్చుకునేవారికి జాగ్రత్తలు

• పాపను పెద్దది చేసే చుక్కలు వేయకముందే చూపు ఎంతుందో, కంటిపాప వెలుతురుకు ఎలా స్పందిస్తోందో చూసి రాసుకోండి. మందు పనిచేశాక పాప కదలదు, ఇక ఆ పరీక్ష ఆ రోజుకి లేనట్టే.

• పక్క నుంచి టార్చి వేసి కంటి ముందుభాగం లోతు గమనించండి. ఇరుకుగా అనిపిస్తే ఆగి డాక్టర్‌ని అడగండి. అలాంటి కంట్లో పాప పెద్దదైతే ఒత్తిడి ఒక్కసారిగా పెరగొచ్చు. తలకు దెబ్బ తగిలి వచ్చినవారికి మీ అంతట మీరు చుక్కలు అసలు వేయొద్దు. మెదడుకు ముప్పుందని చెప్పే గుర్తుల్లో పాప మార్పు ఒకటి.

• సీసా మీద చదవండి: ట్రోపికమైడ్ ఒక్కటేనా, ఫినైలెఫ్రిన్ కూడా ఉందా? (రెండూ పాపను పెద్దది చేసే మందులే; రెండోది బీపీ పెంచొచ్చు.) ఫినైలెఫ్రిన్ ఉంటే బీపీ, గుండె జబ్బుల సంగతి ముందే కనుక్కోవాలి. గడువు తేదీ సరేసరి.

• పాప విప్పారడానికి 20-30 నిమిషాలు పడుతుంది. తర్వాత కొన్ని గంటలు మసకే. బైక్ మీద ఒంటరిగా వచ్చారేమో అడగండి. చుక్కలు వేశాక అడిగి లాభం లేదు.

• బ్యాటరీ చార్జింగ్, గది చీకటి.

• రోగి కుడి కంటిని మీ కుడి కంటితో, ఎడమ కంటిని ఎడమ కంటితో చూడాలి. లేదంటే ముక్కులు తగులుతాయి, ఇద్దరికీ ఇబ్బందే! చేయి చాచినంత దూరం నుంచి మొదట పాపలో ఎర్రటి మెరుపు వెతకండి. అది కనిపించకపోతే శుక్లం లాంటి అడ్డు ఉండొచ్చు. మాక్యులాను (రెటీనా మధ్యభాగం) చివర్లో చూడండి, అక్కడ వెలుతురు బాగా ఇబ్బంది పెడుతుంది.