కెమెరాతో జ్యామితి – 3వ పాఠం: గంటస్తంభంలో అష్టభుజి

గత పాఠంలో విజయనగరం కోటతో చతురస్రం పూర్తిచేశాం. ఈసారి దూరం పోనక్కర్లేదు, విజయనగరం గంటస్తంభం చాలు. దాన్ని ఫోటో తీసి, ఆ ఫోటో కొలతలతో అట్ట మోడల్ చేద్దాం. 1885లో కట్టిన ఈ స్తంభానికి ఎనిమిది ముఖాలు, ఎత్తు 68 అడుగులు.

పొద్దున్నే, ఆటోల రద్దీ మొదలవకముందే వెళ్లండి. దగ్గర నిలబడి ఫోన్ పైకెత్తితే నిలువు గీతలు పైకి పోనుపోను దగ్గరపడి, స్తంభం వెనక్కి వాలినట్టు వస్తుంది. స్టేటస్‌లో పెట్టుకోవడానికి బాగుంటుంది గానీ కొలతకు పనికిరాదు. వీలైనంత వెనక్కి జరిగి ఫోన్‌ని నిటారుగా పట్టుకోండి. కింద రోడ్డు ఎక్కువగా పడినా తర్వాత కత్తిరించుకోవచ్చు. వైడ్ లెన్స్ అసలు వద్దు.

ఒక ముఖానికి సరిగ్గా ఎదురుగా నిలబడితే మూడు ముఖాలు కనిపిస్తాయి. కనిపించే మొత్తం వెడల్పు 100 అనుకుంటే మధ్యది 41, పక్కవి చెరో 29 రావాలి. నిజానికి మూడూ సమానమే. పక్కవి 45 డిగ్రీలు తిరిగి ఉన్నందువల్ల సన్నగా కనిపిస్తాయి. ఎడమది కుడిదానికంటే సన్నగా ఉంటే మీరు కాస్త ఎడమకు జరగాలి. రెండూ 29కి బాగా తగ్గాయంటే ఇంకా వెనక్కి పోవాలి. ఈ లెక్క తేలేదాకా ఇంటికి రావద్దు, ఎందుకంటే మోడల్ అంతా ఈ ఒక్క ఫోటో మీదే నిలబడుతుంది. ఒక అంచుకు ఎదురుగా ఇంకో ఫోటో తీస్తే నాలుగు ముఖాలు పడతాయి. అది సరదాకి.

ఇక మోడల్. నూరో వంతు స్కేలులో 68 అడుగులంటే 20.7 సెం.మీ. ప్రింటులో స్తంభం ఎత్తు 15 సెం.మీ. వచ్చిందనుకోండి, ముందు ముఖం మీది ప్రతి కొలతనూ 1.38తో గుణించండి. కొన ముందు ముఖం కంటే కాస్త వెనక ఉంటుంది కాబట్టి కొద్ది తేడా వస్తుంది, ఈ సైజులో పట్టించుకోకండి. వెడల్పు మారినచోటల్లా విడిగా కొలవండి, ఆ భాగాన్ని విడిగానే చేయండి.

పాత శుభలేఖల అట్ట దీనికి భేషుగ్గా ఉంటుంది. ముఖం వెడల్పు 2 సెం.మీ. వచ్చిందనుకుంటే 16 సెం.మీ. పట్టీ, అంటించడానికి మరో అర సెంటీమీటరు తీసుకోండి. మడత గీతల మీద ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీసి, ఒక్కొక్కటీ 45 డిగ్రీలు వంచండి.

గొట్టం నొక్కుకుపోకుండా పైనా కిందా అష్టభుజి బిళ్లలు పెట్టాలి. 2 సెం.మీ. ముఖానికైతే 4.83 సెం.మీ. భుజంతో చతురస్రం గీయండి. మూల నుంచి కేంద్రం దాకా ఉన్న దూరాన్ని వృత్తలేఖినిలో తీసుకుని, నాలుగు మూలల నుంచీ భుజాల మీద గుర్తులు పెట్టండి. ఎనిమిది వస్తాయి. మూలలు కోసేస్తే అష్టభుజి. అట్ట మందం కోసం అంచులు వెంట్రుకవాసి తగ్గించి, ఫెవికాల్‌తో అంటించండి.

వచ్చే పాఠంలో శ్రీముఖలింగం సోమేశ్వరాలయ శిఖరం. అక్కడ గీతలు తిన్నగా ఉండవు, వంపు తిరుగుతాయి. గ్రాఫ్ కాగితం సిద్ధంగా ఉంచుకోండి.